రెండు చెరువులు, ఒక నల్లగీత: మన్నేటి లోయలో పాత టోపోషీటుతో చేసిన పని

పై చెరువు కలుజు, అంటే నిండాక మిగులు నీళ్లు పొర్లే చోటు, మూడు రోజులుగా పారుతోంది. కింది చెరువులో బర్రెలు మేస్తున్నాయి. 2022 చివర్లో కందుకూరు పక్క నుంచి కింది చెరువు ఊరి రైతులు నలుగురు ఒంగోల్లో నేను మ్యాపుల పని చేసే గదికి వచ్చి ఫోనులో చూపించిన రెండు వీడియోలు ఇవి. ఒకే రోజు తీసినవి. రెండు చెరువులకూ మధ్య దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. "నీళ్లు యాడికి పోతన్నయ్యో చూసి చెప్పండి సార్. కాయితం మీద రాసియ్యండి" అన్నారు. కాయితం మీద కావాలన్నారంటే సంగతి అప్పటికే ఆఫీసుల దాకా పోయిందని అర్థం.

ఊళ్ల పేర్లు రాయను. కిందివాళ్లు పైవాళ్ల మీద అర్జీలు పెట్టి ఉన్నారు, పైవాళ్లు ఎదురు అర్జీలు పెట్టారు. పేర్లు రాస్తే చదివేవాళ్లు చెరువుల సంగతి వదిలేసి మనుషుల సంగతి పట్టుకుంటారు. టోపోషీటు (ఎత్తుపల్లాలు, వాగులు, చెరువులు, దారులు చూపే సర్వే మ్యాపు) నంబరు కూడా పూర్తిగా చెప్పను, 57 ఎమ్ వరసలోది అన్నంతవరకు చాలు.

మన్నేరు తెలియనివాళ్లకు రెండు మాటలు. వెలిగొండల వైపు పుట్టి, రాళ్లపాడు ప్రాజెక్టు దాటి, కందుకూరు, గుడ్లూరు ప్రాంతాల మీదుగా వచ్చి సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసకే. ఈశాన్య రుతుపవనం గట్టిగా పట్టినప్పుడు నాలుగు రోజులు ఏరు, తర్వాత మళ్లీ ఇసక. అందుకే ఈ లోయలో సేద్యం ఏటి మీద కాక చెరువుల మీద నిలబడింది. ఒక చెరువు నిండి కలుజు పారితే ఆ నీళ్లు కింద చెరువుకు, అది నిండితే దాని కిందిదానికి. గొలుసులో ఒక కడియం తెగితే దాని కిందివాళ్లందరికీ కరువే.

రెండు వాదనలు, రెండు మ్యాపులు

కింది ఊరి వాదన: పై చెరువు కలుజు నుంచి మా చెరువుకు వాగు ఉండేది, పైవాళ్లు దాన్ని దున్నేసి జామాయిల్ వేసుకున్నారు. పై ఊరి వాదన: వాగనేదే లేదు, మా నీళ్లు ఎప్పుడూ నేరుగా మన్నేట్లోకే పోయేవి.

తమాషా ఏమిటంటే ఇద్దరి చేతిలోనూ పాత మ్యాపు ఉంది. పై ఊళ్లో ఒక కుర్రాడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, ఇంటర్నెట్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం పెట్టిన అమెరికా సైన్యపు మ్యాపు దించాడు. యూ 502 అనే వరసలోది, 1950ల నాటిది. దాంట్లో తమ ఊరు, చెరువు, మన్నేరు ఉన్నాయి. రెండు చెరువుల మధ్య గీత లేదు. "చూడండి, అమెరికావాడు కూడా వేయలేదు" అని వాదన.

కింది ఊళ్లో ఒక ఇంట్లో గుడ్డకు అంటించిన మన సర్వే ఆఫ్ ఇండియా షీటు ఉంది. ఆ ఇంటి పెద్దాయన తండ్రి ఒకప్పుడు జిల్లా బోర్డు రోడ్లకు ఓవర్సీరు. ఆ షీటులో గీత ఉంది. కానీ అది కింది చెరువును తాకకుండా, కాస్త ముందే ఆగిపోయింది. "వచ్చింది కదా" అని కిందివాళ్లు, "ఆగిపోయింది కదా" అని పైవాళ్లు.

అమెరికా మ్యాపు సంగతి త్వరగా తేల్చేయవచ్చు. అది 1:2,50,000 స్కేలు. ఇంచికి దాదాపు 4 మైళ్లు. జిల్లా జిల్లా ఒక చూపులో కనపడడానికి చేసింది. ఆ స్కేలులో రెండు చెరువుల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్ల వెడల్పున్న కలుజు వాగును దాంట్లో వేయాలని ఎవరూ అనుకోరు. ఫోనులో వేళ్లతో సాగదీసి పెద్దది చేసినంత మాత్రాన మ్యాపులో లేనిది పుట్టుకు రాదు. ఇది ఆ కుర్రాడికి చెప్పాను, ఒప్పుకున్నాడు కూడా. కష్టమంతా రెండో షీటు దగ్గర వచ్చింది.

షీటును ముందు అంచుల నుంచి చదవాలి

మ్యాపు చేతికి రాగానే అందరూ తమ ఊరిని వెతుక్కుంటారు. నేను కుర్రాళ్లకు నేర్పేది ముందు నాలుగు అంచులూ చదవమని. పైన మద్రాసు అని ఉంది, నెల్లూరు జిల్లా అని ఉంది. 1953 అక్టోబరుకు ముందరి సరుకు అని అక్కడే తెలిసిపోతుంది. ఆ జిల్లా పేరు చూసి నాకు నవ్వొచ్చింది. కందుకూరు తాలూకా 1970లో నెల్లూరు నుంచి విడిపోయి కొత్తగా పుట్టిన ఒంగోలు జిల్లాలో కలిసింది, ఆ జిల్లా 1972లో ప్రకాశం అయింది, 2022 ఏప్రిల్లో కందుకూరు మళ్లీ నెల్లూరుకే వెళ్లింది. మధ్యలో పుట్టి పెరిగినవాళ్లకు అది చరిత్ర, షీటుకు మాత్రం ఏమీ జరగలేదు.

నంబరు చెప్పే సంగతీ ఉంది. 57 అంటే 12 నుంచి 16 డిగ్రీల ఉత్తర అక్షాంశాలు, 76 నుంచి 80 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య పెద్ద చదరం. దాన్ని 16 ముక్కలు చేసి ఏ నుంచి పి దాకా అక్షరాలు ఇచ్చారు. ఎమ్ అంటే ఈశాన్య మూల ముక్క. దాన్ని మళ్లీ 16 చేస్తే ఒక్కొక్కటి పావు డిగ్రీ షీటు. నెల్లూరు పట్నం 57 ఎన్‌లో 15వ షీటు. 80 డిగ్రీల గీత దాటితే నంబరు 66కు మారుతుంది. మన తీరం సరిగ్గా ఆ గీత మీదే పడింది కాబట్టి చాలా ఊళ్లకు రెండు షీట్లు పక్కపక్కన పెట్టుకోవాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యం కింది అంచులో చిన్న అక్షరాలు. షీటు అచ్చయింది 1940ల చివర. పొలాల్లో నడిచి సర్వే చేసింది మాత్రం అంతకు పాతికేళ్లకు పైగా ముందు. మధ్యలో రోడ్లు కొన్ని సవరించి మళ్లీ అచ్చు వేశారు. అంటే రోడ్డు ఒక కాలానిది, వాగు ఇంకో కాలానిది, రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన ఉన్నాయి. అచ్చు సంవత్సరం చూసి "అప్పటిదాకా వాగు ఉంది" అని రాసి ఉంటే నా రిపోర్టు మొదటి పేజీలోనే తప్పు.

స్కేలు ఇంచికి మైలు, 1:63,360. మనవాళ్లు వన్ ఇంచ్ షీటు అనేది దీన్నే. ఒక మిల్లీమీటరు నేల మీద 63 మీటర్లు. మ్యాపులో వాగును వేసిన సన్నటి గీత పావు మిల్లీమీటరు అనుకున్నా నేల మీద 16 మీటర్ల పట్టీ. అసలు వాగు నాలుగైదు మీటర్లు ఉంటే ఎక్కువ. కిందివాళ్ల వకీలు ఫోను చేసి "గీత ఏ సర్వే నంబరులో పడిందో చెప్పండి, చాలు" అన్నాడు. అది ఈ షీటు చెప్పలేదు. దీన్ని తయారుచేసిన పని అది కాదు. హద్దులకు ఎఫ్ఎమ్‌బీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పుస్తకం) ఉంది, గ్రామ నక్షా ఉంది, ఆర్ఎస్ఆర్ (భూముల పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) ఉంది. టోపోషీటు చెప్పేది నీటి వరస: ఏది దేనిలోకి పోతుంది, ఏ దిక్కుగా, ఏది ముందు ఏది వెనక.

భూతద్దం కింద

షీటు ఒక ఇనపపెట్టెలో, పంచెల అడుగున, కలరా ఉండల వాసనతో ఉంది. నలుచదరం, అంచులు పోగా ఒక్కో వైపు 17 ఇంచీలకు అటూ ఇటూ. పన్నెండు ముక్కలుగా కోసి, ముక్కకూ ముక్కకూ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు వదిలి గుడ్డకు అంటించారు. జేబులో పెట్టుకుని గుర్రమో సైకిలో ఎక్కి తిరిగే ఓవర్సీర్లకు అలా మడత పడితే కాగితం చిరగదు. నడిమి మడతల దగ్గర గుడ్డ నల్లబడింది. ఒక మూల ఎవరో ఊదారంగు పెన్సిలుతో "మైలు 7 తూము" అని రాసుకున్నారు.

పై చెరువు కట్ట లావుపాటి నల్లగీత, నడుమ మోచేయిలా ఒక వంపు. పక్కన "12ఆర్". కట్ట పక్క నేల కంటే 12 అడుగుల ఎత్తని. మా కుర్రాడు దాన్ని మీటర్లనుకుని "అన్నా, ఇది డ్యామా" అన్నాడు. ఆనాటి షీట్లలో అన్నీ అడుగులే, గళ్లు గజాల్లో. కట్ట ఇప్పుడు కొలిస్తే 10 అడుగులు కూడా నిండుగా లేదు. కట్ట ఉత్తరం చివర నుంచి సన్నటి నల్లగీత బయల్దేరి ఈశాన్యంగా పోతుంది. ఎండిపోయే వాగులకు నలుపు, నీళ్లుండేవాటికి నీలం, అది ఆ షీట్ల పద్ధతి. మధ్యలో చుక్కల జంటగీత, అంటే బండ్ల డొంక, దాన్ని అడ్డంగా దాటుతుంది. దాటినచోట తాటిచెట్ల గుర్తులు రెండు. ఇంకాస్త పోయి, కింది చెరువు ఆరు మిల్లీమీటర్ల దూరంలో ఉందనగా ఆగిపోతుంది. ఆరు మిల్లీమీటర్లంటే నేల మీద 380 మీటర్లు.

ఎత్తుగీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, ఇక్కడ సాయపడవు. ఆ షీటులో గీతకూ గీతకూ 50 అడుగుల తేడా. (ఇప్పటి 1:50,000 షీట్లలో 20 మీటర్లు. ఆ లెక్కన పాతదే సన్నం.) రెండు చెరువుల మధ్య ఒక్క ఎత్తుగీత కూడా దాటలేదు, అంటే వాలు అంతకంటే తక్కువని తెలుస్తుంది, అంతే. ఉపగ్రహపు ఎత్తుల డేటా కూడా ఇంత చదునులో, అందులోనూ జామాయిల్ తోటల తలలను నేలగా చూపించే చోట, నమ్మి చేసే పని కాదు.

గుంత తప్పిన చోట

ఇప్పుడు నా తప్పు. షీటును ముక్క ముక్కగా స్కాన్ చేయించాను, అంతవరకు బుద్ధిగానే ఉన్నాను. పన్నెండు ముక్కల్నీ ఒకే బొమ్మగా స్కాన్ చేస్తే ప్రతి సందూ 120 మీటర్లకు పైగా దొంగ నేలను కలుపుతుంది. కానీ కంప్యూటర్లో దాన్ని ఈనాటి నేల మీదికి కుదర్చడానికి నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు ఇచ్చేటప్పుడు తొందరలో వాటిని ఈనాటి జీపీఎస్ లెక్కలోనే, అంటే డబ్ల్యూజీఎస్ 84లోనే, ఇచ్చేశాను. ఆ షీటు ఎవరెస్టు గోళం, అంటే భూమి ఆకారానికి అప్పట్లో ఇక్కడ వాడిన లెక్క, మీద గీసింది. రెండింటికీ మన ప్రాంతంలో రెండొందల మీటర్ల దాకా తేడా వస్తుంది. తెలియనిది కాదు. పది పదిహేను ప్రాజెక్టుల్లో సరిగ్గా చేసిందే. ఈసారి డ్రాప్‌డౌన్‌లో ఇంకో వరస మీద క్లిక్ పడింది, చూసుకోలేదు.

పాత వాగు ఇసక నేల కింద ఉందేమో చూడాలని 2023 ఫిబ్రవరిలో గుంత తీయడానికి వెళ్లాం. ట్యాబ్‌లో గీత చూపించినచోటు పొగాకు చేను. రైతును బతిమాలి, రెండు సాళ్ల మొక్కలకు డబ్బు కట్టి, గడ్డపారతో నాలుగడుగులు తవ్వించాం. గరుపనేల. కిందికి పోయేకొద్దీ ఇంకా గరుపు. వాగు ఇసక పొర లేదు, గవ్వ లేదు, ఏమీ లేదు. పక్కన ఇంకోటి తవ్వాం. అదే.

వెంట వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన ఉన్నాడు, డెబ్భై అయిదు దాటి ఉంటాడు. వాళ్ల ఇంట్లో మూడు తరాలు కింది చెరువుకు నీరటికాళ్లు, పొలాలకు నీళ్లు వదిలేవాళ్లు. అప్పటిదాకా వేపచెట్టు కింద గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. లేచి వచ్చి గుంతలోకి తొంగి చూసి, "అబ్బయ్యా, నీ మిషను చెప్పినకాడ వాగు పారాలంటే నీళ్లు మిట్ట ఎక్కాలి. మా తాత ఎంత మొనగాడైనా నీళ్లను మిట్ట ఎక్కియ్యలా" అన్నాడు.

తలెత్తి చూస్తే నిజమే. మేం నిలబడ్డది చుట్టుపక్కల పొలాల కంటే మనిషి మోకాలెత్తు పైన. వాగు పోయిందని షీటు చెప్పిన దిక్కుకు వాయవ్యంగా నేల దిగుతోంది. ఎత్తులు కొలిచే లెవెల్ మిషను కారులోనే ఉంది. ముందు దాన్ని దింపి పది రీడింగులు తీసుకుని ఉంటే పొగాకు మొక్కలు బతికేవి.

ఆ రాత్రి మళ్లీ చేశాను. ఈసారి మూలల అంకెల మీద మాత్రమే ఆధారపడలేదు. సరైన గోళంతో ఒకసారి నిలబెట్టి, ఆ తర్వాత నేల మీద ఇప్పటికీ కదలకుండా ఉన్నవాటితో సరిచూశాను. ఏవి కదలవు అన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న. ఏటి గట్టు పనికిరాదు, మన్నేరు ఇసక పాయలు మార్చుకుంటూనే ఉంటుంది. ఊరి అంచు పనికిరాదు, ఊరు పెరిగింది. రైలు వంతెనలు దొరికితే అదృష్టం, మద్రాసు బెజవాడ దారి 1899 నాటికే పూర్తయింది, ఆ వంతెనల జాగా మారదు, కానీ మా చెరువులకు అవి దూరం. నాకు దక్కినవి ఇవి: పై చెరువు కట్ట మోచేయి, కింది చెరువు కట్ట రెండు కొసలు, పాత శివాలయం, ఒక దిగుడుబావి, మూడు డొంకలు కలిసేచోట్లు, ఇంకా నాలుగు. మొత్తం 11. సగటు తేడా 28 మీటర్లకు వచ్చింది. షీటు మీద అది అర మిల్లీమీటరు కంటే తక్కువ. గుడ్డ మీద అంటించిన, ఎన్నో ఎండలు చూసిన కాగితానికి అంతకంటే అడగడం దురాశ.

కొండ మీద త్రికోణం గుర్తు, అంటే సర్వేవాళ్లు కొలతలకు స్థిరంగా పెట్టుకున్న చోటు, కూడా ఒకటి షీటులో ఉంది. దొరికితే అన్నిటికంటే గట్టి ఆధారం అదే. ఎక్కి చూశాం. అక్కడ ఇప్పుడు సెల్ టవరు ఉంది.

ఇసకచేను

సరిచేసిన గీత పొగాకు చేనుకు వాయవ్యంగా రెండొందల మీటర్లు జరిగి, నల్లరేగడి పల్లంలో పడింది. ఏప్రిల్లో, శనగ కోత అయ్యాక, అక్కడికి వెళ్లాం. పొలం గలామె మా ఎదురుగా వచ్చి, "ఇసకచేలో ఏం తవ్వతారయ్యా, బోరు వేస్తే ఉప్పునీళ్లే" అంది.

ఇసకచేను అన్న మాట దగ్గర నేను ఆగాను. చుట్టూ ఎక్కడ చూసినా నల్లరేగడి, పగుళ్లలో చెయ్యి దూరేంత. "ఇక్కడ ఇసక యాడుందమ్మా?" అని అడిగాను. "నేనైతే చూళ్లా. మా అత్తగారు అట్టా అనేది, మేమూ అట్టానే అంటన్నాం" అంది.

గీతకు అడ్డంగా, అయిదేసి మీటర్లకు ఒకటి చొప్పున ఏడు గుంతలు. మొదటి రెండింటిలో అంతా రేగడే. మూడోదాంట్లో రెండున్నర అడుగుల లోతున గడ్డపార చప్పుడు మారింది. రేగడిలో దిగితే మెత్తగా పట్టేసినట్టు ఉంటుంది, ఇక్కడ గరగరమంది. పారతో ఎత్తితే గోధుమరంగు ముతక ఇసక, గుండ్రటి గులకరాళ్లు, గోరంత నత్త గుల్లలు. నాలుగోదాంట్లోనూ అంతే. అయిదోదాంట్లో మళ్లీ రేగడి. అంటే ఇసక పట్టీ వెడల్పు ఏడు మీటర్లకు అటూ ఇటూ. అరవై మీటర్లు పైకి పోయి ఇంకో వరస తవ్వితే మళ్లీ అదే. రెండు వరసల్నీ కలిపితే వచ్చిన దిక్కు, షీటులో గీత దిక్కు ఒకటే. నీరటి పెద్దాయన గులకరాయి ఒకటి తీసి పంచెతో తుడిచి, ఏమీ అనకుండా జేబులో వేసుకున్నాడు.

తర్వాత రెవెన్యూ కాగితాలు. పై చెరువు నుంచి డొంక రోడ్డు దాకా నాలుగు సర్వే నంబర్లలో వాగు పోరంబోకు స్పష్టంగా ఉంది. రోడ్డుకు ఇవతల ఇంకో రెండింటిలో ఉంది. ఆ తర్వాత లేదు. షీటులో గీత ఆగిపోయిన చోటికీ ఎఫ్ఎమ్‌బీలో పోరంబోకు ఆగిపోయిన చోటికీ తేడా నలభై మీటర్లు కూడా లేదు. రెండు వేర్వేరు శాఖలు, వేర్వేరు కాలాల్లో, వేర్వేరు పనులకు కొలిచి ఒకేచోట ఆపేశాయంటే, అక్కడ ఏదో ఉంది.

గీత ఎందుకు ఆగింది

దీనికి జవాబు లెవెల్ మిషను చెప్పింది. పై చెరువు కలుజు గడపను 100.00 మీటర్లు అనుకుని, రెండు రోజులు కర్ర పట్టుకుని కింది చెరువు దాకా నడిచాం. దూరం 2.1 కిలోమీటర్లు. కింది చెరువు నిండుమట్టం, అంటే దాని కలుజు గడప, 96.70. మొత్తం వాలు 3.30 మీటర్లు. కిలోమీటరుకు మీటరున్నర పైన. నీళ్లు హాయిగా పారే వాలు.

షీటులో గీత ఆగినచోట నేల మట్టం ఎంతో తెలుసా? 96.78.

అంటే కింది చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వెనక్కి తన్ని సరిగ్గా అక్కడిదాకా వచ్చి నిలబడతాయి. గీత ఆగింది చెరువుకు 380 మీటర్ల ముందు కాదు. అది ఆగిందే చెరువు మొదలయ్యేచోట. సర్వే చేసినవాడు వచ్చింది నీళ్లు తగ్గిన కాలంలో అయి ఉండాలి, చెరువును తనకు కనపడినంత మేరే వేశాడు. లోతట్టు నేల చదును, అక్కడ వాగుకు గట్లుండవు, నీళ్లు పరుచుకుంటాయి. గట్లు లేనిదాన్ని గీతగా ఎలా వేస్తాడు? రెవెన్యూవాళ్లు కూడా అక్కడి నుంచి చెరువు పోరంబోకు అని రాశారు తప్ప వాగు అని రాయలేదు. ఆ లోతట్టులో ఇప్పుడు కిందివాళ్లే జొన్న వేసుకుంటున్నారు. ఈ సంగతి నా రిపోర్టులో చదివినప్పుడు నన్ను పిలిపించినవాళ్లలో ఇద్దరి మొహాలు మాడిపోయాయి.

మరి నీళ్లు ఎక్కడ పోతున్నాయి? డొంక దగ్గర. షీటులోని బండ్ల డొంక ఇప్పుడు తారురోడ్డు. ఎప్పుడో మట్టిపోసి మీటరు పైగా ఎత్తు చేశారు. పాత వాగు దాటినచోట తూము లేదు. 140 మీటర్లు పక్కకు, నేల మిట్టగా ఉన్నచోట, పైపు కల్వర్టు పెట్టారు. పాత వాగు ఇసక పొర పైభాగం రోడ్డు పక్కన 98.35. పైపు అడుగు 98.97. అంటే 62 సెంటీమీటర్లు ఎత్తులో ఉంది. రోడ్డు పక్క మట్టి తీసిన కాలువ అడుగు 98.60, అది నేరుగా మన్నేటికి వాలి ఉంది.

ఇక లెక్క పిల్లలు కూడా చేస్తారు. కలుజు నీళ్లు రోడ్డుకు వచ్చి ఆగుతాయి, మట్టం పెరుగుతుంది, 98.60కి రాగానే పక్క కాలువలో పడి మన్నేటికి పోతాయి. పైపు అడుగు ఇంకా 37 సెంటీమీటర్లు పైన ఉంది. మహా వరద వస్తే తప్ప ఆ పైపులోకి చుక్క దూరదు. 98.35కూ 98.60కీ మధ్య మిగిలిన పావు మీటరు నీళ్లు ఎటూ పోలేక రోడ్డు పక్క జామాయిల్ తోటలో నెలల తరబడి నిలబడతాయి. ఆ తోట రైతు, పైఊరివాడు, తన చెట్లు ఎర్రబడుతున్నాయని విడిగా ఇంకో అర్జీ పెట్టుకుని ఉన్నాడు. రెండు అర్జీలకూ మూలం ఒకే రోడ్డు.

పైవాళ్లు పూర్తిగా శుద్ధులని కాదు. వాగు పోరంబోకులో దాదాపు 90 సెంట్లు జామాయిల్లో కలిసిపోయింది, అది కూడా కొలిచి రాశాను. కానీ ఆ చెట్లన్నీ కొట్టేసినా కింది చెరువుకు నీళ్లు రావు. రోడ్డు కింద దారి ఉంటే, చెట్లున్నా కొంతైనా వస్తాయి.

నాకు దొరకని కాగితం ఒకటుంది. మద్రాసు ప్రభుత్వం 1880ల్లో మొదలుపెట్టిన చెరువుల మరమ్మతు పథకం, టీఆర్ఎస్ (ట్యాంక్ రిస్టొరేషన్ స్కీమ్) అనేవాళ్లు, దాని కింద ఒక్కొక్క చెరువుకు మెమోయిర్ రాసేవారు. కట్ట పొడవు, తూముల మట్టాలు, కలుజు పొడవు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో అన్నీ ఉంటాయి. ఈ రెండు చెరువులవి దొరికి ఉంటే సగం తవ్వకాలు తప్పేవి. రెండు బీరువాలు, ఒక అటక, చెదలు. దొరకలేదు.

తర్వాత

రిపోర్టు 14 పేజీలు, మూడు బొమ్మలు. సూచన ఒక్కటే: పాత వాగు దాటేచోట 98.35 మట్టానికి స్లాబు కల్వర్టు, పక్క కాలువకు అక్కడ అడ్డుకట్ట. షీటును హద్దుకు సాక్ష్యంగా వాడొద్దని మొదటి పేజీలోనే రాశాను. అయినా రెండు వైపుల వకీళ్లూ ఆ పేజీ వదిలేసి బొమ్మలే జిరాక్సు తీసుకున్నారు. సంబంధించిన శాఖకు కాపీ పంపారు. అంచనా వేస్తాం, నిధులు లేవు అన్నారు. ఇందులో విశేషమేమీ లేదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు రెండు రోజులు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎడతెరిపి లేని వాన. ఆరో తేదీ పొద్దున ఫోను. రోడ్డు తెగింది. నీళ్లు కింది చెరువుకు దూకుతున్నాయి.

వెళ్లి చూశాను. రోడ్డు తెగింది నా గీత మీద కాదు. ముప్పై మీటర్లు ఉత్తరంగా. నా సగటు తేడా ఎంత చెప్పుకున్నామో దాదాపు అంతే. తెగిన గండిలో రోడ్డు మట్టి కింద, రెండు పక్కలా, కత్తితో కోసినట్టు గోధుమరంగు ఇసక పొర కనపడుతోంది. బొమ్మలు, లెక్కలు అన్నీ పెట్టి నేను నలభై నిమిషాలు వివరించినా నమ్మని పైఊరి పెద్దమనిషి ఒకాయన గండి అంచున నిలబడి ఆ పొరను చాలాసేపు చూశాడు. "ఇసక ఉంది" అన్నాడు, ఎవరితోనూ కాదు.

జనవరిలో గండి పూడ్చారు. స్లాబు కాదు, రెండు పైపులే వేశారు. కానీ గండి పడినచోటే వేశారు. వేసిన మర్నాడు లెవెల్ మిషను తీసుకుపోయి చూసుకున్నాను. పైపుల అడుగు 98.52. పక్క కాలువ కంటే ఎనిమిది సెంటీమీటర్లు కింద. నేను అడిగిన మట్టం కంటే పదిహేడు సెంటీమీటర్లు పైన. కాలువకు అడ్డుకట్ట వేయలేదు.

ఆ ఏడు సంక్రాంతికి కింది చెరువులో నీళ్లు తూము రెండో మెట్టు దాకా ఉన్నాయి. తుపాను నీళ్లు అవి, పైపుల పనితనం కాదు. పైపుల సంగతి మామూలు వానలొచ్చిన ఏడు తేలాలి. ఎనిమిది సెంటీమీటర్లంటే పైపు మూతి దగ్గర నాలుగు బుట్టల ఒండ్రు. వినాయక చవితి వెళ్లగానే రెండు ఊళ్ల నుంచీ ఇద్దరేసి వచ్చి పైపుల మూతులు గీకాలని మాట అనుకున్నారు. నీరటి పెద్దాయన తన మనవడి పేరు ఇచ్చాడు.